పంటిగాటు

మూడో రౌండు మొదలైన కాసేపటికే మిన్ టో మూతి పగిలింది. ఎడో కుడిచేతి గుద్దు సూటిగా వెళ్ళి పళ్ళ మీద పడింది. డోళ్ళ మోతలో కూడా ఆ చప్పుడు తాళ్ళ పక్కన నిలబడ్డ థామూకి విడిగా వినపడింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ తాళ్ళ పక్కనే ఉన్న మనిషి. గుద్దు కండకి తగిలిందో, ఎముకకి తగిలిందో, పంటికి తగిలిందో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

"పళ్ళు! పళ్ళు రాలాయి బావా! వదలకు!" అని గావుకేక పెట్టాడు.

మిన్ టో వెల్లకిలా పడ్డాడు. మౌలమైన్ వైపు మోన్ జాతివాడు, ఎద్దులాంటి మనిషి. నోట్లోంచి రక్తం బుడబుడా వచ్చి చెవుల్లోకి కారుతోంది. అతని తరఫువాళ్ళు చేతులెత్తి రెండు నిమిషాల గడువు అడిగారు.

మా లెత్వే గుద్దులాటలో చేతులకి తొడుగులుండవు. గాజుగుడ్డ చుట్టి పట్టీ వేస్తారు, అంతే. తలతో కుమ్మొచ్చు, మోచేత్తో పొడవొచ్చు, మోకాలితో పక్కటెముకలు విరగ్గొట్టొచ్చు. స్పృహ తప్పినవాడికి ఒక్కసారి రెండు నిమిషాల గడువుంటుంది. ఆ రెండు నిమిషాల్లో చెవులు మెలిపెట్టి, చెంపలు వాయించి, బకెట్టు నీళ్ళు కుమ్మరించి, వాణ్ణి మళ్ళీ దెబ్బలు తినడానికి లేపి నిలబెడతారు. దీన్ని దయ అనేవాళ్ళున్నారు. నేననను.

మిన్ టోని లేపారు. లేచాడు. ఎడో ఎడమచెయ్యి మడిచి, మోచేతి మడతలో కుడి అరచేత్తో ఫటఫటా చరిచి రమ్మన్నాడు. తిరునాళ్ళ జనం ఊగిపోయారు. మిన్ టో కళ్ళు ఎటో చూస్తున్నాయి. ఎడో అతని మెడ పట్టుకుని నుదుటితో రెండుసార్లు కుమ్మి, వదిలేసి, దవడ మీద మళ్ళీ అదే కుడిచేత్తో కొట్టాడు. దవడ పక్కకి జరిగిపోవడం ముందు వరసలో కూర్చున్న పిల్లలు కూడా చూశారు. ఈసారి లేపేందుకు గడువు లేదు.

గోనెపట్టా చాటున థామూ బావ చేతి కట్టు విప్పాడు. ఎడో అతని చెల్లెలు మూపో మొగుడు. ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. గుడ్డ మూడో పొరలో బియ్యపుగింజంత పన్నుముక్క గుచ్చుకుని ఉంది. కింద, నడిమివేలి కణుపు మీద, గోరులో సగం ఉండే గాటు. రక్తం కూడా పెద్దగా లేదు.

"కొరికాడురా వెధవ," అని నవ్వాడు ఎడో. "ఓడిపోతూ కూడా కొరికాడు."

"ఉండు, మూసేస్తాను."

"ఇంత దానికి కుట్టేమిటి బావా?"

"నోరు తెరుచుకున్న గాయాన్ని నేను వదలను. నా చేతి కిందకొచ్చినవాడు అతుకుపడకుండా ఇంటికి పోలేదు."

గొప్పలు కావు, నిజమే. పాఆన్ చుట్టుపక్కల థామూ కుట్టంటే పేరుంది. కనుబొమ్మ చీలితే రౌండ్ల మధ్య విరామంలోనే మూడు కుట్లు వేసి రక్తం ఆపి పంపిస్తాడు. అతను కుట్టిన ముఖాల మీద మచ్చ వెతికితే గానీ కనపడదు. ఎడో అరచేతిని తన మోకాలి మీద బోర్లా పరిచి, వేళ్ళు బాగా చాపమన్నాడు. గాటు మీద కాస్త సారా పోశాడు. సూది గుచ్చి రెండు కుట్లు వేసి, ముడి బిగించి, దారం కొసలు పంటితో తెంపాడు. గాటు ఉందో లేదో తెలియకుండా మూసుకుపోయింది. తన పని తనకే ముద్దొచ్చింది.

ఆటగాళ్ళ శిబిరం యజమాని ఊ టేలిన్ గోనెపట్టా ఎత్తి లోపలికి వచ్చాడు. కిళ్ళీ బుగ్గన పెట్టుకుని ఎడో భుజం చరిచాడు.

"శభాష్! ఐదో రోజుకి కొకరెయిట్ తిరునాళ్ళు. అక్కడ నీ బొమ్మే పెద్దదిగా వేయించాను. ఈ చెయ్యిని గాజుబొమ్మలా చూసుకోండి ఇద్దరూ."

మర్నాడు పొద్దున్న ఎడో వేళ్ళు ముడవలేకపోయాడు. వేళ్ళ కణుపులు ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. థామూ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొట్టిన చెయ్యి వాయకేం చేస్తుంది? ఆ దవడ చూశావా, బండరాయి. రేపటికి తగ్గుతుంది."

"లోపల్నుంచి కొడుతోంది బావా. గుండె అక్కడున్నట్టు."

"బిగించి కట్టు కడతాను. వాపు దిగుతుంది."

బిగించాడు. ఎడో పళ్ళు కరుచుకున్నాడు. దెబ్బకి మూలిగితే ఆ శిబిరంలో పరువుండదు.

మూపో శిబిరం గేటు ముందు సొరకాయ బజ్జీలు వేస్తుంది. మూడో రోజు సాయంత్రం మొగుడు తినడానికి ఎడమచెయ్యి చాపేసరికి, బాణలి దించేసి, అతని కుడిచెయ్యి లాక్కుని కట్టు విప్పింది. చర్మం నిగనిగలాడుతోంది. కుట్ల చుట్టూ నల్లగా ఉంది. ఎర్రటి గీత ఒకటి మణికట్టు దాటి మోచేతి వైపు పాకింది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మొహం తిప్పుకుంది.

"అన్నా! ఇటు రా! ఇది వాసన చూడు! చచ్చిన ఎలక్కి ఇంత కంపు రాదు!"

"మందు వాసనే అది."

"మందా? నీ మొహం! నాకు ముక్కు లేదనుకున్నావా? రాత్రంతా జ్వరంతో వణికాడు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తున్నా."

"నా కుట్టుకి చీము పట్టిన చరిత్ర లేదే మూపో," అన్నాడు థామూ. గొంతు హెచ్చింది. "ఆసుపత్రి వాడు నా కుట్టు విప్పి, నాకు పని చేతకాదని ఊరంతా చెబుతాడు. అంతేగా నీక్కావలసింది?"

మూపో బజ్జీల గరిటె ఎత్తింది. కొట్టేదే. ఎడో మధ్యలోకి వచ్చాడు.

"ఆపండి ఇద్దరూ! ఇంకో రోజు చూద్దాం. ఇప్పుడు ఆసుపత్రిలో పడుకోబెడితే కొకరెయిట్ పోతుంది."

"పోతే పోనీ!"

"పోతే మళ్ళీ ఎవడు పిలుస్తాడు నన్ను? నాకు వేరే ఏం చేతనవును చెప్పు. ఈ చెయ్యే కదే నేను!"

ఆమె గరిటె బాణలిలోకి విసిరేసింది. నూనె చింది ఆమె ముంజేతి మీద బొబ్బ లేచింది. దాన్ని ఆమె చూసుకోలేదు.

నాలుగో రోజు పొద్దున్న ఊ టేలిన్ బెత్తం పట్టుకుని వచ్చాడు. మందుల షాపు నుంచి ఇంజెక్షను తెప్పించి తనే పొడిచాడు. అందులో ఏముందో పొడిచినవాడికే తెలియదు. ఎడోని ఇసకసంచి ముందు నిలబెట్టాడు.

"చెయ్యి బిగుసుకుపోయింది, అంతే. కొడితే వదులవుతుంది. ఊఁ, కొట్టు."

ఎడో ఎడమచేత్తో కొట్టాడు.

"కుడి!"

ఎడో చెయ్యి ఎత్తాడు గానీ వెయ్యలేదు. బెత్తం అతని వీపు మీద పడింది. అతను నిలబడే ఉన్నాడు. రెండోది పిక్కల మీద, మూడోది మెడ మీద. మిగతా ఆటగాళ్ళు తాడు ఎగరడం ఆపి చూస్తున్నారు. నాలుగో దెబ్బకి ఎడో కుడిచెయ్యి సంచికి తాకించి, మోకాళ్ళ మీద కూలిపోయి కుక్కలా అరిచాడు.

"కట్టు కట్టరా థామూ!" అన్నాడు ఊ టేలిన్. "పిడికిలి మూసి గట్టిగా చుట్టు. ఇక తెరుచుకోకూడదు. రేపు అలాగే ఎక్కిస్తాను."

థామూ పక్కన కూర్చుని గాజుగుడ్డ తీశాడు. బావ వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని లోపలికి ముడిచాడు. చూపుడువేలు వంగింది. నడిమివేలు చల్లగా ఉంది, రంగు మారి ఉంది. దాన్ని నొక్కగానే రెండు కుట్ల మధ్యనుంచి బూడిదరంగు చీము చిమ్మి థామూ చెంప మీద పడింది. చీముతోపాటు దారప్పోగుల్లాంటివేవో వచ్చాయి. దారం కాదు. లోపలి నరం కుళ్ళి పోగులు పోగులుగా వస్తోంది.

ఎడో బావ మొహంలోకే చూస్తున్నాడు.

థామూ నడుము సంచిలోంచి బ్లేడు తీశాడు. తన కుట్లు తనే కోసేశాడు. ఒకటి, రెండు. గాయం పెదాలు విడినట్టు విడిపోయింది.

"ఏం చేస్తున్నావురా!" అని ఊ టేలిన్ బెత్తం ఎత్తాడు. "నిన్ను కట్టమన్నానా, కొయ్యమన్నానా?"

బెత్తం థామూ చెవి మీద చీలింది. ఆ మనిషి పద్దెనిమిదేళ్ళుగా ఎవరి మీదా చెయ్యెత్తలేదు. గాయాలు కట్టడమే అతని పని. చేతిలో బ్లేడుందని తెలుసు కాబట్టి దాన్ని ముందు కింద పడేశాడు. తరవాత లేచి, యజమాని రెండు చెవులూ పట్టుకుని, నుదురు ఎత్తి ముక్కు మీద కుమ్మాడు. ముక్కు చితికింది. ఊ టేలిన్ కిళ్ళీ రసమూ రక్తమూ కలిపి చొక్కా మీద కక్కుకుంటూ వెనక్కి కూర్చున్నాడు. థామూ మళ్ళీ కుమ్మాడు. మూడోసారి కుమ్మబోతుంటే ఎవరో నడుం పట్టుకుని లాగారు. మూపో.

"చాల్లే అన్నా! వాణ్ణి తరవాత చంపుదువు గానీ, ముందు బండి తియ్యి!"

ఒకే బండి మీద ముగ్గురూ ఎక్కారు. మధ్యలో ఎడో, అతని తల థామూ వీపు మీద. వెనక మూపో అతని చెయ్యి పైకెత్తి పట్టుకుంది. దారి పొడుగునా బావ ఒంటి వేడి థామూకి చొక్కాలోంచి తగులుతూనే ఉంది. ఏడుస్తూ బండి నడిపాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్టిగా, కరుకుగా ఉంది. చెయ్యి చూసీ చూడగానే, "పళ్ళా?" అంది.

"అవునమ్మా," అంది మూపో. "నాలుగు రోజులైంది."

"కుట్టిందెవరు?"

థామూ నోరు తెరిచేలోగా ఎడో అన్నాడు: "తిరునాళ్ళలో ఎవడో కాంపౌండరు. పేరు తెలీదు. తాగున్నాడు."

మూపో అన్న వంక చూసింది. థామూ నేల వంక చూశాడు.

"వాడు దొరికితే తీసుకురండి, చూపిస్తాను," అంది డాక్టరమ్మ. తన పిడికిలి బిగించి కణుపు మీద పెన్నుతో చుక్క పెట్టింది. "కొట్టేటప్పుడు చెయ్యి ఇలా ఉంటుంది. పన్ను ఇక్కడ దిగింది. చర్మం, నరం, కీలు, అన్నిట్లోంచీ ఒకే దారి. ఇప్పుడు చూడండి." వేళ్ళు చాపింది. చుక్క వెనక్కి జరిగింది. "చర్మం ఇటు జరిగింది, లోపల నరం ఇంకా వెనక్కి పోయింది. దారి మూసుకుపోయింది. పైన చూస్తే చిన్న గాటు. పంటి మీది క్రిములు మాత్రం లోపల కీల్లోనే ఉండిపోయాయి. ఆ మహానుభావుడు చెయ్యి చాపించి, పైన కుట్టేసి తాళం వేశాడు."

"కడిగాడమ్మా. సారాతో," అన్నాడు థామూ.

"చాపిన చెయ్యి మీద ఎంత పోస్తే ఏం లాభం? లోపలికి చుక్క పోదు." ఆమె ఎడో నాడి పట్టుకుంది. "నోట్లో క్రిములు అందరికీ ఉంటాయి. నీకూ నాకూ, నిన్న పుట్టిన బిడ్డకీ. నోట్లో ఉన్నన్నాళ్ళూ వాటి తిండి అవి తిని వాటి పాటికి అవి ఉంటాయి. కొన్ని మనకి మేలే చేస్తాయి. అవే కీల్లో పడితే మాంసం తింటాయి. అదిగో, ఆ మంచం మీద ఉన్నాడే, వీడితో తలపడ్డవాడే అనుకుంటా. దవడ విరిగి పళ్ళూడిన నోరు. వాడి నోరు ఎంత శుభ్రంగా మానుతోందో చూడండి. ఆ నోట్లో క్రిములే వీడి చేతిలో ఉన్నవి."

గోడ పక్క మంచం మీద మిన్ టో కూర్చుని ఉన్నాడు. దవడ తీగతో కట్టి ఉంది. గొట్టంతో గంజి పీలుస్తున్నాడు. ఎడోని చూసి గొట్టం తీసి, కనుబొమలు ఎగరేసి, ఏమైందని చేత్తో అడిగాడు.

"నువ్వే గెలిచావురా," అన్నాడు ఎడో.

మిన్ టోకి నవ్వొచ్చింది గానీ తీగ నవ్వనివ్వలేదు. నొప్పికి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

"వేలు చచ్చిపోయింది," అంది డాక్టరమ్మ మూపోతో. "వాపు మీద బిగించి కట్టారు, రక్తం ఆగిపోయింది. ఇవాళే వేలు తీసేసి లోపలంతా కడగాలి. ఆలస్యమైతే చెయ్యి పోతుంది. ఇంకా ఆలస్యమైతే మనిషే పోతాడు. సంతకం పెట్టండి."

మూపో పెన్ను పట్టుకుంది. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. ఎడో కళ్ళు మూసుకుని, "పెట్టెయ్యవే," అన్నాడు. పెట్టింది.

మంచం తోసుకుపోయాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే థామూ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"ఆ కాంపౌండరు నేనే," అన్నాడు. "కుట్టిందీ నేనే, బిగించిందీ నేనే. తాగిలేను. బుద్ధుండే చేశాను."

ఆమె కుళాయి కట్టి, అతని మొహం వంక కాసేపు చూసింది. చెవి మీద ఎండిన రక్తం చూసింది.

"ఎన్నేళ్ళుగా చేస్తున్నావీ పని?"

"పద్దెనిమిదేళ్ళు."

"ముఖాలు కుట్టు, తప్పులేదు. ముఖం మానుతుంది. చేతులెన్ని కుట్టావు?"

థామూకి ఒక్కసారిగా ఆ చేతులన్నీ గుర్తొచ్చాయి. పాఓ జాతి కుర్రాడొకడికి చూపుడువేలు ఇప్పటికీ మడత పడదు. ఒకడు ఆట మానేసి సరిహద్దు దాటి రబ్బరు తోటల్లోకి పోయాడు. ఇంకొకడికి మణికట్టు దాకా తీసేశారని ఎవరో చెబితే, 'గుద్దడం చేతకాని వెధవ, విరగ్గొట్టుకున్నాడు' అని టీ కొట్టులో నలుగురిలో నవ్వాడు. అందరి గురించీ అదే మాట అన్నాడు. శిబిరమంతా అదే మాట నమ్మింది. పాపం, ఆ చేతుల వాళ్ళు కూడా నమ్మారు.

"చాలా," అన్నాడు.

డాక్టరమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "వాళ్ళలో బతికున్నవాళ్ళకి చెప్పు," అని తలుపు తోసుకుని లోపలికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం కొకరెయిట్ తిరునాళ్ళలో ఎడో పేరు పిలిచే వేళకి, ఎడో మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్ల కట్టులో ఉంది. నడిమివేలు ఉండవలసిన చోట కట్టు పల్లంగా ఉంది. ఎడమచేతికి సెలైను గొట్టం. పొద్దున్నుంచీ బావతో ఒక్క మాట మాట్లాడలేదు. మూపో క్యారియరు తెచ్చి పెట్టి, మందుల చీటీ పట్టుకుని వెళ్ళింది. అన్నం, గోంగూరా వెదురు చిగుళ్ళూ కలిపి వేయించిన కూర, ఎండుచేప.

"తినిపించు అన్నా. రెండు చేతులూ లేవు వాడికి."

థామూ కుళాయి దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో మోచేతుల దాకా రుద్దాడు. గోళ్ళలో రుద్దాడు. కడిగి, మళ్ళీ రుద్దాడు. వెనక వరసలో నిలబడ్డ ముసలామె, "ఎవర్నన్నా చంపొచ్చావా నాయనా? కానివ్వు," అని విసుక్కుంది.

వచ్చి కూర్చుని అన్నం కలిపాడు. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాడు. ఎడో మొహం తిప్పుకున్నాడు. థామూ ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మిన్ టో తన మంచం మీంచి వాళ్ళ కేసే చూస్తున్నాడు.

"కాంపౌండరని ఎందుకన్నావు బావా?" అన్నాడు థామూ. "నా పేరు చెప్పాల్సింది."

ఎడో నోరు తెరిచాడు. థామూ ముద్ద లోపల పెట్టాడు. వేళ్ళు వెనక్కి తీసుకునేలోగా ఎడో పళ్ళు మూసుకున్నాయి.

నడిమివేలి మీద, కణుపు దగ్గర. గట్టిగా. థామూకి కళ్ళు బైర్లు కమ్మాయి. వేలు లాక్కోలేదు. ఎడో కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలి అన్నం మీద పడుతున్నాయి. ముక్కుతో ఎగపీలుస్తున్నాడు. దవడ కండలు వణుకుతున్నాయి. ఆ పళ్ళ మధ్య వేలు నలుగుతుంటే థామూ, "కొరుకు బావా, కొరికెయ్యి," అన్నాడు.

ఎంతసేపో తెలీదు. పళ్ళు విడిచాయి. ఎడో ముద్ద నమిలి మింగాడు. థామూ వేలు వెలుతురులో పెట్టి, పిడికిలి మూసి చూశాడు, చాపి చూశాడు. నాలుగు పళ్ళ నొక్కులు ఎర్రగా దిగి ఉన్నాయి. చర్మం ఎక్కడా తెగలేదు.

"తెగిందా?" అన్నాడు ఎడో, భుజానికి ముక్కు తుడుచుకుంటూ.

"లేదు."

"తెగకుండా చూసుకునే కొరికాను. ఇంకో ముద్ద పెట్టు."

థామూ అన్నంలోకి ఇంకాస్త గోంగూర కలిపాడు.